'వికలాంగుడు' తీసి 'దివ్యాంగుడు' పెడితే సరిపోతుందా? సంచికకు కాపీ దిద్దేవారికి కొన్ని సంగతులు

మీరు అడిగింది ఇదీ: ఊళ్లో హైస్కూలు స్వర్ణోత్సవ సంచిక తెస్తున్నారు. వచ్చిన వ్యాసాల్లో 'హరిజనవాడ', 'వికలాంగుడు', 'మానభంగం', 'పనిమనిషి', 'మంగలి' లాంటి మాటలున్నాయి. కమిటీలో కుర్రవాళ్లు అన్నీ మార్చేయాలంటున్నారు. పెద్దవాళ్లేమో 'ఇదంతా పొలిటికల్ కరెక్ట్‌నెస్ పిచ్చి, ఇంక నోరు విప్పనివ్వరా' అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆ జాబితాలో కొన్ని తప్పకుండా మార్చాలి, కొన్నిటిని ముట్టుకోకూడదు. పదాన్ని విడిగా చూస్తే ఏది ఏదో తేలదు. అది రచయిత సొంత మాటా, ఎవరో అన్న మాటా, ఎవరి గురించి అన్నదీ చూడాలి. అంతకన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. తెలుగులో చిన్నచూపు పేరులో కన్నా క్రియ చివర ఎక్కువ దాక్కుంటుంది. 'దివ్యాంగుడు వచ్చాడు, కలెక్టర్ గారు వచ్చారు' అని అచ్చయితే మీరు దిద్దిందేమీ లేదు. నాది పత్రిక డెస్కులో కాపీ దిద్దే పని. అందుకని ఆ పద్ధతిలోనే చెబుతాను.

ముందు ఆ 'పిచ్చి' సంగతి. పొలిటికల్ కరెక్ట్‌నెస్ (ఎవరినీ కించపరచని మాటలే వాడాలన్న పట్టింపు) అనే మాట అమెరికా గొడవతో పాటు మనకు దిగింది. 1980ల చివర అక్కడి విశ్వవిద్యాలయాల్లో రాజుకుని, 1991లో అధ్యక్షుడు సీనియర్ బుష్ మిషిగన్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో విమర్శించేదాకా వెళ్లింది. మన దగ్గర ఈ తగువు దానికన్నా చాలా పాతది. మొదలుపెట్టినవాళ్లూ ప్రొఫెసర్లు కారు. 1917లో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభకు పిలుపులో ఉన్న పేరు 'పంచమ మహాజన సభ'. నాలుగు వర్ణాలకూ బయటి ఐదోవాళ్లని చెప్పే ఆ పంచమ అనే మాటే మాకొద్దని, అక్కడికక్కడే దాన్ని ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చుకున్నారు. 1922లో మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా పెట్టిన తీర్మానం తర్వాత సర్కారు కాగితాల్లో 'పరయ', 'పంచమ' పోయి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర వచ్చాయి. ఎస్సీ కులాల జాబితాలో ఇవాళ్టికీ 'ఆది ఆంధ్ర' కనబడేది అందుకే. కాబట్టి మీ పెద్దలు అనుకుంటున్నట్టు ఇది నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు.

'హరిజన' ఎందుకు పోయింది. గాంధీజీ 1932 నుంచి ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు, 1933లో అదే పేరుతో వారపత్రిక పెట్టారు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అది పైవాళ్లు జాలిపడి పెట్టిన పేరు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఈ మాట పెట్టినందుకు అంబేడ్కర్ తన పార్టీ సభ్యులతో వాకౌట్ చేశారు. కుల ధ్రువపత్రాల్లో 'హరిజన్' అని రాయొద్దని 1982లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు చెప్పింది. పేరుగా మొదలైన ఈ మాట తిట్టుగా వాడుకలోకి వచ్చిందని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగానే అంది. ఇంత జరిగాక ఈ రోజు రాసే వ్యాసంలో, రచయిత సొంత మాటగా 'హరిజనవాడ' అని ఉండటానికి కారణమేమీ లేదు.

దాని స్థానంలో ఏం పెట్టాలన్నది అంత తేలిక కాదు. 'దళిత' అనేది ఉద్యమాలు ఎంచుకున్న మాట. అయితే బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి ఆదేశాన్ని చూపి 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకు 'దళిత' వద్దు, 'షెడ్యూల్డ్ కులం' వాడండి అని సూచించింది. తమాషా ఏమిటంటే ప్రెస్ కౌన్సిల్ ప్రమాణాల్లో 'షెడ్యూల్డ్ కులం', 'హరిజన' రెండూ వద్దన్న సలహా ఉంది. రెండు ఏలికలకూ ఒకేసారి విధేయంగా ఉండటం కుదరదు. డెస్కుల్లో ఆచరణలో నిలిచిన పద్ధతి ఇది: రిజర్వేషన్, ధ్రువపత్రం, చట్టం, పథకం గురించి రాస్తే 'ఎస్సీ', ఉద్యమం, సాహిత్యం, రాజకీయం గురించి రాస్తే 'దళిత'. వాడ పేరైతే ఈ రెండూ అక్కర్లేదు. చాలా ఊళ్లలో ఆ వాడకు అంబేడ్కర్ నగర్ అనో ఇంకేదో అనో సొంత పేరుంటుంది, అక్కడివాళ్లు ఉత్తరాల మీద రాసుకునేది అదే. అడిగి అది పెట్టండి. మహారాష్ట్ర 2020లో కులం పేర్లున్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది. తమిళనాడులో 2025లో 'కాలనీ' అనే మాటనే సర్కారు రికార్డుల నుంచి తీసేస్తామన్నారు, అదీ కులానికి గుర్తైపోయిందని. అంటే 'ఎస్సీ కాలనీ' కూడా ఎల్లకాలం చల్లగా ఉండే మాట కాదు.

ఇక్కడ కుర్రవాళ్లకు ఒక హెచ్చరిక. మాల, మాదిగ అనేవి తిట్లు కావు, రాజ్యాంగం కింద 1950లో ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉన్న కులాల పేర్లు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం మొదలుపెట్టినవాళ్లు తమ పేర్ల చివర 'మాదిగ' అని కావాలనే తగిలించుకున్నారు. పేరు చివర ఆ మాట ఉన్న పూర్వ విద్యార్థి వ్యాసం పంపితే, మర్యాద పేరుతో దాన్ని కత్తిరించడమే అవమానం. దాన్ని తిట్టు చేసేది '-ఓడు', '-ది' అనే తోక. 'చాకలి' కూడా ఇంతే. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి 'వీరనారి చాకలి ఐలమ్మ' పేరు పెట్టారు. అక్కడ 'రజక ఐలమ్మ' అని దిద్దేవాడు చరిత్రను చెడగొట్టినట్టే. 'మంగలి' విషయంలో ముందు వ్యాసంలో ఉన్నది కులమా, వృత్తా చూడండి. కులమైతే 'నాయీ బ్రాహ్మణ' అన్నది వాళ్లు కోరుకున్న పేరు. వృత్తి అయితే 'సెలూన్', 'క్షవరం చేసే వీరయ్య' చాలు, కులం ప్రస్తావనే అక్కర్లేదు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద, ఆ కులాలకు చెందని వ్యక్తి నలుగురికీ కనబడే చోట ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కావాలని అవమానించినా, కులం పేరుతో దూషించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష, జరిమానా. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 92వ సెక్షన్ కింద కూడా, బహిరంగంగా కించపరచాలని అవమానిస్తే శిక్ష అంతే. రెండింట్లోనూ ఉద్దేశం ముఖ్యం కాబట్టి పాత జ్ఞాపకంలో ఒక మాట దొర్లితే జైలని భయపడక్కర్లేదు. బతికున్న మనిషి పేరు రాసి, పక్కన కులం తోక తగిలించి, 'సరదాకి' అంటే మాత్రం ఆ సరదా నిలవదు. స్కూలు రోజుల మారుపేర్లలో ఇలాంటివి చాలా వస్తాయి. 'కుంటి' ఫలానా, 'నల్ల' ఫలానా, 'బోడి' ఫలానా... ఆ మనిషి ఫోన్ నంబరు కనుక్కుని అడగండి. ఆయన సరేనంటేనే వేయండి.

ఇక 'వికలాంగుడు'. దీన్ని మార్చమని ఒత్తిడి చేసేవాళ్లంతా వికలాంగులు కారు. 2015 డిసెంబరులో మన్ కీ బాత్‌లో ప్రధాని 'దివ్యాంగ్' అన్నాక 2016లో కేంద్ర శాఖ హిందీ పేరు మారింది. ఆంధ్రప్రదేశ్ సర్కారు వాడుకలో 'విభిన్న ప్రతిభావంతులు' వచ్చింది. పత్రికలు ఎక్కువగా 'దివ్యాంగులు' ఎంచుకోవడం వెనక పెద్ద తాత్వికత ఏమీ లేదు, సింగిల్ కాలమ్ హెడ్డింగులో 'విభిన్న ప్రతిభావంతులకు' పట్టదు. మరోపక్క వికలాంగుల హక్కుల కోసం రోడ్డెక్కే సంఘాలు మాత్రం తమను తాము వికలాంగుల హక్కుల పోరాట సమితి, వికలాంగుల హక్కుల జాతీయ వేదిక అనే పిలుచుకుంటాయి. 'దివ్య' అన్నప్పుడు చాలామంది అభ్యంతరం ఒకటే: మాకు దైవత్వం అక్కర్లేదు, ర్యాంపు కావాలి, బస్సు ఎక్కే వీలు కావాలి. నా ఓటు ఇటే. 'వికలాంగుడు' అన్నది మర్యాదైన, అందరికీ తెలిసిన మాట, ఉంచండి. వ్యాసం రాసినవారో, ఎవరి గురించి రాశారో వారో 'దివ్యాంగుడు' అనుకుంటే అది పెట్టండి. 'అవిటి', 'కుంటి', 'గుడ్డి', 'చెవిటి', 'మూగ' అని మనిషికి ముందు వచ్చేవి మాత్రం తీసేయాలి.

తీసి ఏం పెట్టాలన్న దగ్గర మెత్తదనం కన్నా కచ్చితత్వం మేలు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను వేరువేరుగా చెబుతుంది, అంతకు ముందు 1995 చట్టంలో ఉన్నవి ఏడే. దాని ప్రకారం అంధత్వం వేరు, తక్కువ చూపు వేరు. మెరుగ్గా ఉన్న కంటికి అద్దాలు పెట్టినా చూపు 3/60 కన్నా తక్కువుంటే, అంటే మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనబడేది 3 మీటర్ల దగ్గర కూడా కనబడకపోతే, అంధత్వం. కాబట్టి పూర్తిగా చూపులేని మాస్టారిని 'దృష్టిలోపం ఉన్నవారు' అని మెత్తగా రాయడం మర్యాద కాదు, తప్పు సమాచారం. 'అంధుడైన లెక్కల మాస్టారు' అనండి. 'చెవిటి మూగ' బదులు 'బధిరులు'. వినబడనివాళ్లంతా మాట్లాడలేనివాళ్లు కారు కాబట్టి ఆ జంట మాటే తప్పు. 'మందబుద్ధి', 'బుద్ధిమాంద్యం' బదులు 'మేధో వైకల్యం'. పాత చట్టం మాట తీసి కొత్త చట్టం పెట్టింది ఇదే. 'విధి వంచితుడు', 'వైకల్యాన్ని జయించి' లాంటివి కనబడితే కొట్టేయండి. చేసిన పనేమిటో రాస్తే చాలు.

సామెతల గొడవ వస్తుంది. 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు', 'గుడ్డెద్దు చేలో పడ్డట్టు' ఉంచాలా? ఎన్నికల ప్రచారంలో ప్రత్యర్థిని గుడ్డి, కుంటి, మూగ అని తిట్టొద్దని 2023 డిసెంబరులో ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పింది. వైకల్యాన్ని అర్థం చేసుకునే హాస్యం వేరు, వెక్కిరించేది వేరు అని 2024 జులైలో సుప్రీంకోర్టు ఒక సినిమా కేసులో గీత గీసింది. నేను పాటించే గీత కూడా ఆ దారిలోదే. 'గుడ్డిగా నమ్మాడు', 'గుడ్డిదీపం', 'మూగజీవాలు' ఇవన్నీ భాషలో కలిసిపోయాయి, వదిలేయండి. సామెత ఒక మనిషి మీదికి విసిరినప్పుడే సమస్య. ఇదే లెక్కన చూస్తే మనం రోజూ ముద్దుగా అనే 'వెధవ' వచ్చింది 'విధవ' నుంచి, 'చండాలంగా ఉంది' వచ్చింది ఒక కులం పేరు నుంచి. మొదటిదాన్ని భాష నుంచి తవ్వి తీయలేం. రెండోదానికి 'అసహ్యంగా' అనే శుభ్రమైన మాట సిద్ధంగా ఉంది కాబట్టి, నా చేతికి వచ్చిన కాపీలో అది మిగలదు.

'మానభంగం' మాత్రం చర్చ లేకుండా పోవాలి. నేరం చేసింది ఒకడైతే మానం పోయింది ఆమెకని చెప్పే మాట అది. పైగా అందులో స్పష్టత లేదు. పాత కాపీల్లో అత్యాచారానికీ, చేయి పట్టుకు లాగడానికీ ఇదే వాడేవారు. భారతీయ న్యాయ సంహితలో మొదటిది 63, 64 సెక్షన్లు, రెండోది 74. ఏది జరిగిందో తెలుసుకుని 'అత్యాచారం' అనో 'లైంగిక వేధింపు' అనో రాయండి. ఎంత పాత సంఘటన అయినా అత్యాచార బాధితురాలి పేరు వద్దు. 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. 'ఫలానా పోస్ట్‌మాస్టర్ రెండో కూతురు' అన్నా గుర్తుపట్టేస్తారు కాబట్టి అదీ పేరు రాసినట్టే. జ్ఞాపకాల వ్యాసాల్లో జరిగే అతి పెద్ద తప్పు ఇదే.

ఇలాంటిదే 'ఆత్మహత్యకు పాల్పడ్డాడు'. పాల్పడటం నేరాలకూ అకృత్యాలకూ వాడే మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంటోంది. 'ప్రాణం తీసుకున్నారు' అని ఊరుకోండి, ఎలా అన్నది అసలు వద్దు.

'పనిమనిషి' తిట్టేమీ కాదు. ఆమెకు పేరుంటే పేరు రాయండి, అంతే. 'పనిది' మాత్రం ఉండకూడదు. 'వితంతువు' కూడా మర్యాదైన మాటే. దాన్ని 'ఒంటరి మహిళ' అని దిద్దేవాళ్లున్నారు. తెలంగాణ సామాజిక పింఛన్లలో వితంతువులు ఒక వర్గం, ఒంటరి మహిళలు ఇంకో వర్గం. మర్యాద చేయబోయి అర్థం మార్చేస్తారు. 'ట్రాన్స్‌జెండర్' అన్నచోట 'లింగమార్పిడి చేయించుకున్న' అని రాయడమూ ఇంతే. శస్త్రచికిత్స చేయించుకున్నా లేకున్నా ఆ గుర్తింపు ఉంటుందని ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన నాల్సా తీర్పులోనే ఉంది.

పేరు మార్చినంత మాత్రాన ఏదీ మారదన్న పెద్దల వాదనలో నిజం లేకపోలేదు. 'పాకీ పనివాళ్లు' పోయి 'సఫాయి కర్మచారులు' వచ్చారు, తర్వాత 'పారిశుద్ధ్య కార్మికులు' అయ్యారు. చేత్తో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేయాల్సి వచ్చింది. మ్యాన్‌హోళ్లలో చావులు ఆగలేదు. మాట పాతబడి, ఆ పని మీది చీదర దానికీ అంటుకుని, మళ్లీ కొత్త మాట వెతుక్కోవాల్సి వస్తుంది, గానుగెద్దు నడకలా. కానీ దీనర్థం మాట మార్చొద్దని కాదు, మాట మార్చి పని అయిపోయిందనుకోవద్దని.

ఇప్పుడు అసలు సంగతి, క్రియ. మీ సంచికలో ఏదైనా ఒక వ్యాసం తీసుకుని, క్రియలు మాత్రమే ఎర్ర పెన్నుతో గీసుకుంటూ పోండి. దాదాపు ఇలా తేలుతుంది:

'హెడ్మాస్టరు గారు వచ్చారు. కరణం గారు చందా ఇచ్చారు. అటెండరు గంట కొట్టాడు. ఆయా బిందెతో నీళ్లు తెచ్చింది.'

ఇందులో ఒక్క 'చెడ్డ పదం' లేదు. కానీ ఎవరెక్కడ కూర్చోవాలో నాలుగు క్రియలూ చెప్పేశాయి. ఆడవాళ్ల విషయంలో ఇంకా ఇబ్బంది. తెలుగు వ్యాకరణంలో ఏకవచనంలో స్త్రీకీ, ఆవుకీ, బస్సుకీ క్రియ ఒకటే: వచ్చింది. టీచరమ్మకు 'వచ్చారు' అని పై మెట్టు ఇస్తాం, ఆయాను బస్సుతో పాటు నిలబెడతాం. పత్రికల్లో ఇదే జబ్బు ప్రమాద వార్తల్లో కనబడుతుంది. ఒకే ప్రమాదంలో 'డాక్టర్ మరణించారు', 'డ్రైవర్ చనిపోయాడు'.

దిద్దే పద్ధతి కష్టమేమీ కాదు. ఒక వ్యాసంలో పెద్దవాళ్లందరికీ '-రు' పెట్టండి: 'గంట కొట్టేవారు', 'నీళ్లు తెచ్చేవారు'. రచయిత అందరినీ 'చేశాడు', 'చేసింది' అనే రాస్తే, హెడ్మాస్టరుతో సహా, అదీ న్యాయమే, వదిలేయండి. ఒకే వాక్యవరుసలో తేడా ఉంటేనే దిద్దాలి. మినహాయింపులు ఉన్నాయి. పిల్లలకు, క్లాస్‌మేట్లకు, దేవుళ్లకు, చరిత్ర పురుషులకు, ఆటగాళ్లకు ఏకవచనం సహజం. 'సింధు గెలిచింది' అనడంలో ఉన్నది దగ్గరితనం. తెలంగాణ మాటలో 'మా నాయిన చెప్పిండు' అంటే అమర్యాద కాదు. దాన్ని 'చెప్పారు' అని దిద్దితే ఒక ప్రాంతపు మర్యాదను ఇంకో ప్రాంతం మీద రుద్దినట్టు. అలాంటి వ్యాసం వస్తే అందులో అందరికీ '-ండు' ఉందా, కొందరికేనా అన్నది ఒక్కటి చూడండి.

చేయకూడని పనులు రెండు. మొదటిది, కంప్యూటర్లో ఫైండ్-రీప్లేస్ కొట్టొద్దు. 'హరిజన' మొత్తం 'దళిత' చేస్తే 'దళిత సేవక్ సంఘ్' వస్తుంది, గాంధీజీ 'దళిత' అనే వారపత్రిక నడుపుతారు. 'కుంటి' తీసి 'వికలాంగ' పెట్టమంటే 'అనుకుంటిమి' కాస్తా 'అనువికలాంగమి' అయి కూర్చుంటుంది. 'గుడ్డి' మారిస్తే 'గుడ్డిదీపం' అంధదీపం అవుతుంది. ఒక్కొక్కటీ కంటితో చూసి మార్చాల్సిందే.

రెండోది, కొటేషన్లు, పాత రికార్డులు దిద్దొద్దు. 1974 నాటి స్కూలు రిజిస్టర్ ఫొటో వేస్తూ అందులో 'హరిజన' అని ఉంటే అది అలాగే ఉండాలి, కింద క్యాప్షన్‌లో మీ మాట మీరు రాసుకోండి. ఎవరైనా తనను ఆ రోజుల్లో ఏమని పిలిచి బెంచీ చివర కూర్చోబెట్టారో రాస్తే, ఆ తిట్టును చుక్కలు పెట్టి మూయొద్దు. అది అన్నవాడిని కాపాడటమే అవుతుంది. కథల్లో పాత్రల మాటలకూ ఇంతే.

కులం అసలు చెప్పాలా వద్దా అన్నదానికి చిన్న పరీక్ష: ఆ మాట తీసేసి వాక్యం చదవండి. అర్థం మారకపోతే తీసేయండి. ఫస్ట్ క్లాసులో పాసైన కుర్రాడికి కులం ఎందుకు? కానీ బావి దగ్గర నీళ్లు తోడనివ్వలేదన్న వాక్యంలోంచి కులం తీస్తే ఏం మిగలదు. అక్కడ ఉంచాలి, తోడనివ్వనివారి కులంతో సహా.

ప్రెస్సుకు పంపే ముందు గ్రూప్ ఫొటోల క్యాప్షన్లు చూడండి. కూర్చున్నవారు: శ్రీ ఫలానా గారు, ఎం.ఏ., బి.ఎడ్. నిలబడినవారు, చివర: 'అటెండరు యాదయ్య, ఆయా'. ఆయాకు పేరు లేదు, యాదయ్యకు ఇంటిపేరు లేదు. వాళ్ల ఇళ్లకు ఎవరినైనా పంపి పూర్తి పేర్లు కనుక్కోండి. శ్రీ, గారు ఫొటోలో అందరికీ పెట్టండి, లేదా ఎవరికీ పెట్టకండి.